ఆరోగ్యవంతుల జాబితాలో పదకొండో ట్యూబు

ఆ ల్యాబులో ఆమెను అందరూ గడియారమక్క అనేవారు. పదహారేళ్ల సర్వీసులో ఆలస్యంగా వచ్చింది లేదు, ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టిందీ లేదు. నెలకు రెండు మూడు రోజులు మాత్రం నిలబడి చేసే పనులన్నీ జూనియర్‌కు అప్పజెప్పి, తను స్టూలు మీద ముందుకు వంగి, పొట్టను బల్ల అంచుకు గట్టిగా ఆనించి లేబుళ్లు రాసుకునేది.

"బల్లేమైనా పారిపోతుందా అక్కా, అలా పట్టుకున్నావు?" అనేది జూనియర్.

"నువ్వు ముందు ట్యూబులు పారిపోకుండా చూడు తల్లీ," అనేది ఈమె, పంటి బిగువున నవ్వి.

ఆ ఏడాది ఆసుపత్రి డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరిగి, నెలనెలా ప్రాణం తోడేసే జబ్బు ఎండోమెట్రియోసిస్. ఆ జబ్బున్న ఆడవాళ్ల రక్తంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ ఎంతెంత ఉన్నాయో, కొత్త రక్తనాళాలు పుట్టేలా చేసే పెరుగుదల కారకం ఎంత ఉందో కొలవాలి. పోల్చి చూసేందుకు జబ్బు లేని నలభై మంది రక్తమూ కావాలి. జబ్బున్నవాళ్లు చాలామందే వచ్చారు గానీ, ఏ బాధా లేని మనిషి పనిగట్టుకుని సూది గుచ్చించుకోవడానికి ఎందుకొస్తుంది? అలా మనుషులు తక్కువ పడినప్పుడు ల్యాబు వాళ్లే చెయ్యి చాపడం అక్కడ అలవాటు. గడియారమక్క పదకొండో మనిషి అయింది. 'నెలసరి నొప్పి వల్ల పని మానేస్తుంటారా?' అని ఫారంలో అడిగితే, ఆలోచించకుండా 'లేదు' దగ్గర టిక్కు పెట్టింది. అబద్ధమేమీ కాదు. ఎప్పుడూ మానలేదు మరి.

రక్తం ట్యూబులన్నీ ఫ్రీజర్‌లో దాచారు. అన్నీ ఒకేసారి పరీక్షించాలని లెక్క. ఇంక రేపు మిషను ఎక్కిస్తారనగా, చివరి మనిషిగా ఒక దర్జీ వచ్చింది. ఆపరేషన్‌లో జబ్బు బయటపడ్డ మనిషి. గడియారమక్క ఆమె చేతికి రబ్బరు పట్టీ బిగించి, సూది గుచ్చి, ఫారంలోని ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగింది.

"పని మానేస్తుంటారా?"

"మానితే ఎలాగమ్మా? పొట్టను మిషను బల్లకు ఒత్తిపెట్టి కుట్టేదాన్ని. కాస్త తెరిపిగా ఉండేది. ఆడవాళ్లన్నాక అందరికీ ఇంతే కాబోలనుకున్నా. మా అత్తయ్యయితే, 'నీ ఒక్కదానికే వచ్చిందా బడాయి' అనేది. తీరా లోపల చూస్తే పేగూ అండాశయం అతుక్కుపోయి ఉన్నాయట... అమ్మా, చెయ్యి తిమ్మిరెక్కుతోంది."

రక్తం నిండి చాలాసేపయింది. పట్టీ విప్పడం మర్చిపోయింది గడియారమక్క.

దర్జీ వెళ్లాక జూనియర్‌తో అంది: "నా ట్యూబు తీసేయాలే."

జూనియర్ సంగతంతా విని, "నీకేం అయి ఉండదులే అక్కా. రాయిలా ఉంటావు. అయినా నలభైలో ఒక్క ట్యూబు," అంది.

"నా రక్తం చూసి, ఏ జబ్బూ లేని ఆడవాళ్లకు ఇంతుంటుందని రాసుకుంటారు. రేపు నాలాంటిదే ఇంకొకతి వస్తే, ఆ లెక్క చూపించి మామూలేనంటారు."

అనేసింది గానీ, డాక్టరమ్మ గది తలుపు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చింది. ట్యూబు తీసేయమనడం ఎంతసేపు? ఎందుకని అడిగితే చెప్పాల్సిన మాటే నోట రావడం లేదు.

మూడోసారి తలుపు తోసింది.

"మేడమ్, ఆరోగ్యవంతుల్లో పదకొండోది పక్కన పెట్టేయండి."

"ఏం, పాడైందా?"

"ట్యూబు బాగానే ఉంది. అది నాది. నేనే బాగాలేనేమోనని."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "కూర్చో."

"ఫర్లేదు మేడమ్."

"నిలబడలేక తలుపు పట్టుకున్నావు. కూర్చోమంటున్నా."

కూర్చుంది. రక్తం ఒక్కటే చూసి ఈ జబ్బు ఉందనీ లేదనీ తేల్చలేమనీ, ముందు పరీక్ష చేసి స్కాన్ తీయాలనీ చెప్పి, డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది.

"నొప్పి ఎప్పట్నుంచి?"

'ఈమధ్యే' అనబోయింది. నోరు అలవాటుగా అటే పోయింది.

"పద్నాలుగో ఏటి నుంచి," అంది గడియారమక్క. బల్ల మీది మంచినీళ్లు తాగి, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.