బదులు మనిషి

జానిస్ ఆలర్టన్ ఆ ఉదయం కూడా ఫ్లాస్కులో తన టీ తనే తెచ్చుకుంది. క్రూ అనే ఇంగ్లీషు పట్నంలోని ఆ రైల్వే సిగ్నళ్ల సంస్థలో ఆరేళ్లుగా డ్రాయింగులు తనిఖీ చేస్తున్నా అక్కడి పాలచుక్క ముట్టలేదు. క్రిస్మస్ విందుకు వెళ్లలేదు, ఎవరి పుట్టినరోజు కార్డు మీదా సంతకం పెట్టలేదు. పొగరుతో కాదు. ఆమె అక్కడి ఉద్యోగి కాదు. ఆమెకు సొంత లిమిటెడ్ కంపెనీ ఉంది. దానికి డైరెక్టరూ గుమాస్తా ఆమే. ఉద్యోగిలా మసలితే పన్నులవాళ్లు ఉద్యోగి కిందే జమకడతారని ఆమె ఆడిటరు మొదట్లోనే హెచ్చరించాడు.

పన్ను చట్టం ప్రకారం సంస్థే ఆ సంగతి ఇవాళ తేల్చబోతోంది. పదింటికి సిబ్బంది విభాగం నుంచి ఇమోజెన్ సేల్ విచారణకు వస్తుంది. జానిస్‌ది సొంత వ్యాపారమేనని తేలితే ఆమె కంపెనీతో కాంట్రాక్టు సాగుతుంది. ఉద్యోగం లాంటిదేనని తేలితే శుక్రవారం ఐదింటిలోగా ఏదో ఒక అంబ్రెల్లా సంస్థలో చేరాలి. కాగితం మీద అదే యజమాని. వారం వారం బిల్లు వసూలు చేసుకుని, యజమాని కట్టాల్సిన పన్ను కూడా అందులోంచే కోసి, మిగిలింది జీతమని ఇస్తుంది.

జానిస్‌ను భయపెట్టింది ఆ కోత కాదు. ఆమె రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. వచ్చే మంగళవారం ఎడమ కంటికి ఆపరేషను, ఆ తర్వాత కుడి కంటికి. మొత్తం ఆరు వారాలు పనికి దూరం. సొంత కంపెనీ అయితే తన బదులు ఇంకొకరిని పంపే హక్కు ఒప్పందంలో ఉంది. అంబ్రెల్లాలో ఆ హక్కు ఉండదు. రెండు వారాలు కుర్చీ ఖాళీగా ఉంటే ఆమెను ఇక్కడ కుదిర్చిన ఏజెన్సీ మరొకరిని తెచ్చి కూర్చోబెడుతుంది. యాభై తొమ్మిదేళ్ల మనిషికి మళ్లీ అలాంటి కుర్చీ దొరకడం కల్ల.

బదులు మనిషి సిద్ధంగానే ఉన్నాడు. పాత సహోద్యోగి బ్రెండన్ హల్స్. ఆమె బస్సు దిగుతుండగానే ఫోను చేశాడు.

"డైరెక్టరు గారూ, బోర్డు మీటింగు అయిందా? అందరూ వచ్చారా, తమరొక్కరేనా?"

"నోర్ముయ్ బ్రెండన్. సోమవారానికి బూట్లు తుడుచుకో."

"తుడిచేదేముంది? పోయినసారి మీ క్లైవ్ వాటిని ఒక్క పూట కూడా అరగనివ్వలేదుగా!"

జానిస్ ఫోను పెట్టేసి లోపలికి నడిచింది.

విభాగం పెద్ద క్లైవ్ పెన్కెట్ విచారణ గది గుమ్మంలోనే కన్నుగీటాడు. "నువ్వు కూర్చో. నేను చూసుకుంటా." ఏం చెప్పాలో అతనికి ముందే నూరిపోయడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అలా చేస్తే సాక్ష్యం వండినట్టే.

ఇమోజెన్ ఫారం తెరిచి మూడో ప్రశ్న చదివింది. "జానిస్ గారు తన బదులు ఇంకొకరిని పంపితే ఒప్పుకుంటారా?"

"బదులా?" క్లైవ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈవిడకి బదులెక్కడ దొరుకుతుందండీ! రెండేళ్ల కిందట ఒకసారి పంపింది, బ్రెండన్ అని. మంచివాడే. మధ్యాహ్నం భోజనం కాకముందే ఇంటికి పంపేశా. ఈవిడ పిత్తాశయం తీయించుకుని ఆసుపత్రిలో ఉంటే అక్కడికే ఫోను చేశా. మంచం మీద నుంచే డ్రాయింగు సరిచేసింది. అదీ జానిస్ అంటే!"

"అంటే మీకు ఆమే కావాలి."

"ఆమే. ఇంకెవరూ వద్దు."

ఇమోజెన్ రాసుకుంది. జానిస్‌కు నోరు తెరవాలనిపించింది. తెరిచి ఏం చెప్పాలి? ప్రతి మాటా నిజమే.

పన్నెండు గంటలకు ఈమెయిల్ వచ్చింది. ఉద్యోగం కిందే లెక్క. అది చూసి క్లైవ్ ఆమె బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"నేనేం తప్పన్నాను? పొగిడానుగా!"

"పొగిడే ముంచావు."

"ఇప్పుడే వెళ్లి మార్చి చెప్తా."

"ఏమని? బ్రెండన్‌ని పంపెయ్యలేదనా? ఆసుపత్రికి ఫోను చెయ్యలేదనా?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పోనీ అంబ్రెల్లాలో చేరెయ్. పది నిమిషాల పని. సోమవారం మామూలుగా వచ్చేద్దువు."

అది కుదరని పనేం కాదు. ఆపరేషను వాయిదా వేస్తే ఏడు నెలల దాకా మళ్లీ తేదీ లేదని ఆసుపత్రి వాళ్లు చెప్పారు. ఏడు నెలలు భూతద్దంతో నెట్టుకురావచ్చు. ఎదురుగా తెర మీద ఒక జంక్షను డ్రాయింగు ఉంది. ఎర్ర గీతలు ఎక్కడ ఆగాయో తెలుసుకోవడానికి ఆమె ముక్కు తెరకు ఆనించాల్సి వస్తోంది.

"క్లైవ్, నాకు చూపు సరిగా ఆనడం లేదు," అంది.

అతను తెర మీది డ్రాయింగు వైపు తిరిగాడు. "ఎప్పటి నుంచి?"

"ఆగస్టు నుంచి. మసక అనిపించిన రోజు దేని మీదా సంతకం పెట్టలేదు. మర్నాడు మళ్లీ చూసే పెట్టాను."

"ఆ మాట నేను నమ్ముతాను. రైలు నమ్మొద్దూ?" అన్నాడు. "ఆగస్టు నుంచి నువ్వు పంపినవన్నీ మళ్లీ చూడాలి. నా దగ్గరెవరున్నారు?"

"నువ్వు ఇంటికి పంపేసినవాడు."

క్లైవ్ ఫోను తీసి, "నంబరు చెప్పు," అన్నాడు.

జానిస్ ఆపరేషను తేదీ వదులుకోలేదు, ఏ అంబ్రెల్లాలోనూ చేరలేదు. శుక్రవారం ఐదింటికి ఆమె కాంట్రాక్టు ముగిసింది. అదే రోజు ఏజెన్సీ ద్వారా బ్రెండన్ ఒక అంబ్రెల్లా సంస్థలో సంతకం పెట్టి, ఆమెకు ఫోను చేసి ఈసారి ఏ వేళాకోళమూ ఆడలేదు. సోమవారం ఆమె బల్ల దగ్గర కూర్చున్నాడు. తిరిగి చూడాల్సిన డ్రాయింగులు నూట పద్నాలుగు.