ఫార్మసీ కాలేజీలో నా టీబీని దాచారు

ఆ రోజు బి.ఫార్మసీ మూడో సంవత్సరం వాళ్లకు పాఠం చెప్తుంటే దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలు తీసి చూస్తే నెత్తుటి చార. క్లాసు ఆపేసి స్టాఫ్ రూమ్‌లో కూలబడ్డాను.

దగ్గు మొదలై అప్పటికి నెల దాటింది. సాయంత్రమైతే సన్నగా జ్వరం. మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి దగ్గర క్లినిక్ డాక్టర్ "అంతా డస్టేనమ్మా, ఎక్కడ చూసినా తవ్వకాలే కదా" అని లివోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశాడు. వాడినన్నాళ్లూ తగ్గింది, ఆపగానే తిరగబెట్టింది. మళ్లీ అదే రాశాడు. "కఫం టెస్ట్ చేయిద్దామా డాక్టర్‌గారూ?" అని నేనే అడిగాను.

"జూబ్లీహిల్స్‌లో లెక్చరర్లు, మీకు టీబీ ఏంటి మేడమ్!" అని నవ్వేశాడు.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊపిరితిత్తుల్లో చేరే క్రిమి మన అడ్రస్ అడుగుతుందా? ఆయన రాసిన మందు టీబీని కొన్నాళ్లు అణిచి ఉంచుతుంది. తగ్గిపోయిందని మనల్ని నమ్మిస్తుంది.

రక్తం పడిందని చెప్పగానే మా ఆయన బంజారాహిల్స్‌లో ఒక పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. ఆయన డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీర్. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన మచ్చ కనిపించింది. కఫం కూడా పరీక్ష చేయించి చెస్ట్ డాక్టర్ సూటిగా చెప్పారు: "స్పుటమ్ పాజిటివ్. టీబీయే. తగ్గిపోతుంది, కానీ మందులు మానకూడదు. ఇంట్లోవాళ్లకీ, కాలేజీలో మీతో ఎక్కువసేపు ఉన్నవాళ్లకీ చెప్పండి. వాళ్లనీ చూడాలి."

మా ఆయనకు ఏమీ లేదని తేలింది. ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి విద్యార్థులకు చెప్పమన్నాను. "నేను చూసుకుంటాను కదండీ, మీరు రెస్ట్ తీసుకోండి" అన్నారు. నమ్మాను.

మందులు మొదలయ్యాక వాంతులు పట్టుకున్నాయి. కళ్లు పచ్చబడ్డాయి. లివర్ పనితీరు చూసే ఎల్ఎఫ్‌టీ పరీక్ష చేయించి "మందులు లివర్‌కి పడలేదు" అని డాక్టర్ అన్నీ ఆపించారు. మందు లేకుండా గడిచిన ఆ రోజులే నాకు ఎక్కువ భయం వేసింది. లివర్ కుదుటపడ్డాక ఒక్కొక్క మందే మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఒంటికి పట్టాయి. తర్వాత స్పుటమ్ నెగటివ్ వచ్చింది. "ఇక మీ వల్ల ఎవరికీ అంటదు, ఉద్యోగానికి వెళ్లండి" అన్నారు.

వెళ్తే స్టాఫ్ రూమ్‌లో నా కుర్చీ లేదు. లైబ్రరీలో మూలన వేశారు, నాకు విడిగా గ్లాసు పెట్టారు. ఆ పెట్టినవాళ్లు కూడా ఫార్మసీ చదివినవాళ్లే!

రెండు రోజుల తర్వాత స్వప్న వచ్చింది. నా దగ్గర ప్రాజెక్ట్ చేసిన అమ్మాయి, బోరబండ నుంచి వస్తుంది. బాగా చిక్కిపోయింది.

"మేడం, దగ్గు తగ్గుతనే లేదు. మెడికల్ షాపుల సిరప్ ఇస్తుండ్రు, తాగుతున్న."

"నా జబ్బేంటో మీకు చెప్పలేదా?"

"మీకు కామెర్లని చెప్పిండ్రు మేడం."

ఆ పూటే తనకు కఫం టెస్ట్ చేయించాను. పాజిటివ్. నా నుంచే అంటిందో, బయటి నుంచో ఎవరూ చెప్పలేరు. కానీ ముందే చెప్పి ఉంటే ముందే పట్టుకునేవాళ్లం.

ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. "అడ్మిషన్ల టైమండీ, పేరెంట్స్‌కి తెలిస్తే ఏమవుతుందో మీకు తెలీదా?" అన్నారాయన.

"ఆ పిల్ల ఊపిరితిత్తులకు ఏమవుతుందో మీకు తెలీదా సర్?"

జవాబు కోసం ఆగలేదు. నేరుగా మూడో సంవత్సరం క్లాసుకి వెళ్లి బ్యాగులోంచి నా ఎక్స్‌రే తీసి కిటికీ అద్దానికి అతికించాను. స్వప్న పేరెత్తకుండా నా కథంతా చెప్పాను. కిటికీలు ఎందుకు తెరవాలో, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ ఎందుకు అడ్డం పెట్టుకోవాలో, బాగైనట్టు అనిపించినా మాత్రలు ఎందుకు మానకూడదో చెప్పాను. ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి చూశారే గానీ లోపలికి రాలేదు. క్లాసు అయ్యాక మరో ఇద్దరు దగ్గుతున్నామని నా దగ్గరికి వచ్చారు. వాళ్లకు టీబీ లేదని తేలాక గానీ నాకు అన్నం సయించలేదు.

ఆ ఏడాది చివర్లో ఆ కాలేజీ మానేశాను. స్వప్నకూ నాకూ మందుల కోర్సు పూర్తయి పూర్తిగా నయమైంది. తనిప్పుడు ఒక హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తోంది. నేను వేరే కాలేజీలో ఏటా ఈ పాఠమే నా పేరుతో సహా చెప్తున్నాను.

ఇది చదివేవారికి ఒక్క మాట. దగ్గు రెండు వారాలు దాటితే ఏ యాంటీబయాటిక్ మింగకముందే కఫం పరీక్ష అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. పరీక్ష రాసిచ్చేదాకా మాత్రం ఆ డాక్టర్ ముందు నుంచి కదలకండి.