తోడల్లుడికి బదులు ఎవరు

ఈ ఉదయం తిండి దుకాణాలుండే బూన్ లే హాకర్ సెంటర్లో కాఫీ చల్లారేదాకా చెంచా తిప్పుతూ కూర్చుని ఒక తప్పు చేశాను. ఈ ద్వీపదేశంలోని తెలుగువాళ్ల ఆదివారం బాస్కెట్‌బాల్ పోటీల్లో మా పేట అమ్మాయిల జట్టుకు నేను మేనేజర్ని. ఆ జట్టులో అందరికంటే బాగా ఆడేది నా తోడల్లుడి కూతురు. మా వైపున్న యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మాకే ఆడింది. ఇప్పుడు రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగం వచ్చి, తూర్పు వైపున్న అమ్మానాన్నల ఫ్లాట్‌కు వెళ్లిపోతోంది.

మా పోటీల్లో ఇల్లు మారినవాళ్లు జట్టు మారాలి. తీసుకున్న జట్టు బదులుగా తమవాళ్లను ఇవ్వాలి. ఆ మార్పిడికి పాత జట్టు సరే అనేదాకా ఆటగాళ్లు కొత్త కోర్టులో దిగకూడదు. తూర్పు జట్టు మేనేజర్ అంత దూరం నుంచి వచ్చి, బాస్కెట్ కింద గోడలా నిలబడే ఒక పొడుగమ్మాయిని గానీ, కొత్తగా నేర్చుకుంటున్న ఇద్దరిని గానీ తీసుకోమన్నాడు. రెండూ మంచివే. వచ్చే ఆదివారమే పోటీలు మొదలు. అయినా నేను, తొందరేముంది, ఇంకా ఆలోచిస్తాను అన్నాను. అదే జట్టులో ఉన్న నా సొంత కూతురు ఎప్పుడూ బెంచి మీదే కూర్చుంటుందన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుంది. గుర్తు లేదంటే అబద్ధం.

పక్కనే నిలబడ్డ తోడల్లుడి కూతురు సంచి భుజాన వేసుకుని, "నెవర్ మైండ్ లా, పెదనాన్నా" అని వెళ్లిపోయింది. ఆ గొంతు వాళ్ల నాన్నది. ఈ మాటే ఆయన నాతో ఒకప్పుడు తెలుగులో అన్నాడు.

అప్పట్లో నేనూ, నా భార్య చెల్లెలి భర్తా జురాంగ్ ఐలాండ్‌లో ఒకే ప్లాంటులో పనిచేసేవాళ్లం. మా మగవాళ్ల జట్టుకు నేను కెప్టెన్ని, ఆయన ప్రాణం. టైమవుట్ అడిగేది, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేది, ఓడితే మాటలు పడేది నేను. చప్పట్లు మాత్రం ఆయనకు. సోమవారం పొద్దున కంపెనీ బస్సులో, హెల్మెట్లు ఒళ్లో పెట్టుకున్న మన కుర్రాళ్లు మా తోడల్లుడు వేసిన బాస్కెట్‌ను చేతులెత్తి మళ్లీ వేసి చూపించుకునేవాళ్లు, నేను కిటికీలోంచి రిఫైనరీ గొట్టాలు చూస్తూ కూర్చునేవాణ్ణి. మా అత్తగారు ఇండియా నుంచి చూడ్డానికి వచ్చి కోర్టు పక్కన కుర్చీ వేయించుకుని, ఆట ముగిశాక "చిన్నల్లుడు ఎగిరితే నాకు గుండె ఆగినంత పనైందమ్మా, పెద్దల్లుడు కూడా బాగానే నడిచాడు" అంది. నేను నడవలేదు, పరిగెత్తాను. ఆ మాటకు నా భార్య నవ్విన నవ్వు ఈనాటికీ నా చెవిలోనే ఉంది. నిమ్మరసం మొదటి గ్లాసు ఆమె ఎవరికిచ్చిందో కూడా గుర్తుంది.

ఆయన గర్విష్ఠి అయివుంటే నాకు సులువుగా ఉండేది. ఖాళీగా ఉన్న బాస్కెట్ ముందుకు వెళ్లి కూడా ఆగి, వెనక్కి తిరిగి, నేను వేయాలని బంతి నాకు అందించేవాడు. అది చూసి జనం ఇంకా మెచ్చుకునేవాళ్లు. అలా అందుకున్న బంతిని కావాలనే బయటికి కొట్టాలనిపించిన రోజులున్నాయి.

ఆయనకు ఒక బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం దొరికి తూర్పుకు మారాడు. పీడ వదిలిందనుకోవాల్సిన వాణ్ణి, అక్కడా చప్పట్లు ఆయనకే పడతాయన్న ఊహ భరించలేకపోయాను. తూర్పువాళ్లు మూడు దారులు చూపించారు: తొందరగా ఫౌళ్లు చేసినా బాస్కెట్ కింద తిరుగులేని ఒక పొడుగాయన, గురి తప్పని చేయి ఉన్నా షిఫ్టు డ్యూటీల వల్ల ఆదివారాలు సగమే రాగలిగే ఇంకొకాయన, కాదంటే ఇద్దరు కొత్తవాళ్లు. నేను బస్సులో, స్నానం చేస్తూ, అన్నం తింటూ వాళ్లను తూచాను, తూచిన కొద్దీ ఒక్కొక్కరిలో కొత్త లోపం కనిపెట్టాను. కెప్టెన్ జట్టు కోసం ఎంత మథనపడుతున్నాడోనని మావాళ్లు జాలిపడ్డారు. ఆయన ప్రతి ఆదివారం బూట్లు తెచ్చుకుని తూర్పు కోర్టు గట్టు మీద కూర్చునేవాడట. ఒకసారి ఫోన్ చేస్తే, ఆలోచిస్తున్నాను తమ్ముడూ అన్నాను. "పర్లేదులే అన్నయ్యా" అన్నాడు. ఆలోచన తెమలకుండానే ఆ ఏడాది పోటీలు అయిపోయాయి. మరుసటి ఏడు మొదలుకాకముందే, వానకు తడిసిన మెట్ల మీద జారి మోకాలు పాడుచేసుకున్నాడు. మళ్లీ ఆడలేదు. ఆ కబురు విన్నప్పుడు నాకు ముందు కలిగింది బాధ కాదు. ఇంతకాలం ఎవరికీ చెప్పనిది అదే.

ఈ ఉదయం పిల్ల వెళ్లిపోయిన వెంటనే తూర్పు జట్టు మేనేజర్‌కు ఫోన్ చేసి, పొడుగమ్మాయిని పంపండి, మా పిల్లను ఆదివారమే దించండి అన్నాను. తర్వాత రైలెక్కాను. ఈ ద్వీపం ఆ చివర నుంచి ఈ చివరకు మా రోజుల్లో ఇంత దగ్గరగా అనిపించేది కాదు. కోర్టులకు ఇప్పుడు కప్పులు వేశారు, వానొచ్చినా ఆట ఆగదు. మాతో ఆడినవాళ్లలో సగం మంది ఏ దేశంలో ఉన్నారో తెలియదు. అన్నీ మారినా ఆ మార్పిడి నియమమూ, దాన్ని అడ్డం పెట్టుకునే నా బుద్ధీ మాత్రం అలాగే ఉండిపోయాయి.

తలుపు తీసిన తోడల్లుడికి చెప్పులు విప్పకముందే అంతా చెప్పాను. ఆయన కుర్చీ చూపించి, మోకాలు పట్టుకుని మెల్లగా ఎదురుగా కూర్చున్నాడు.

"తెలుసు అన్నయ్యా. మూడు దారుల మధ్య అన్నాళ్లు ఆలోచించే కెప్టెన్ ఎక్కడుంటాడు? మీరు కోపంగా ఉన్నారనుకున్నాను, ఎందుకో మాత్రం అర్థం కాలేదు."

ఆయనే మళ్లీ, "ఇంతకీ నిజంగా అయితే ఎవర్ని తీసుకునేవారు?" అని అడిగాడు. మరదలు కాఫీ తెచ్చేలోగా ఇద్దరం కూర్చుని, ఆ మూడు దారులనూ ఈసారి కల్మషం లేకుండా తూచాం. ఆయన షిఫ్టు డ్యూటీ మనిషి వైపు మొగ్గాడు, సగం ఆదివారాలైనా ఆ చేయి చాలన్నాడు. నేను పొడుగాయన్ని తీసుకునేవాణ్ణి అన్నాను. ఎవరిని తీసుకున్నా నీకు సరిపోయేవాడు కాడు తమ్ముడూ అని కూడా అన్నాను. ఆ మాట అప్పుడే అనేసి, ఎవరో ఒకర్ని తీసుకుని, ఆయన్ని ఆడనిచ్చి ఉండాల్సింది.