అమ్మ కొన్న అప్‌గ్రేడ్ సీడీ

పొద్దున లాప్‌టాప్‌లో ‘ఉచితంగా అప్‌గ్రేడ్ చేసుకోండి’ అని కనబడగానే కొత్త సీడీ డబ్బా వాసన గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా?

నా చిన్నప్పుడు కర్ణాటకలోని చింతామణిలో అమ్మ టైపింగ్ సెంటర్ నడిపేది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో తెలుగు కూడా వస్తుందని విని, నన్ను వెంటబెట్టుకుని చిక్కబళ్ళాపురలో కంప్యూటర్ అంగడికి వెళ్ళింది. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు.

"మన దేశానికి రేటు తగ్గించిండారమ్మా. అయినా కొత్తది శానా అవుతాది. పాతది ఒరిజినల్ ఉంటే అప్‌గ్రేడ్ సగానికే వస్తాది," అన్నాడు అంగడాయన.

అమ్మ సంచిలోంచి పాత సీడీ తీసింది. "చూడప్పా, ఒరిజినలే ఉండాది."

ఇంటికొచ్చి కొత్త సీడీ వేశాం. ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో కన్నడమే చదివిన అమ్మ, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ‘నాగరత్న’ అని తెలుగులో కొట్టింది.

"నా పేరు తెలుగు అచ్చులో చూసేది ఇదే మొదలు," అంది.

ప్రింటు తీసి, ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.