తువాస్‌లో గ్రీకు మర్యాద

ఆ రోజుల్లో గుమ్మంలో నిలబడ్డ మనిషిని ముందు కూర్చోమనేవాళ్ళం. ఇప్పుడు మా జురాంగ్ వెస్ట్ బ్లాకులో ఇనుప గేటు సందులోంచే విచారణ మొదలవుతుంది: ఎక్కడ పని, ఏ వర్క్ పాసు, ఫ్లాటు సొంతమా అద్దెదా? మంచినీళ్ళు ఆ తర్వాత, అదీ జవాబులు నచ్చితే. ప్రాచీన గ్రీకులు చూస్తే దీన్ని అనాగరికం అనేవారు. నేను కాలేజీ మెట్లు ఎక్కినవాణ్ణి కాను గానీ ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసినందువల్ల ఏం జరిగిందో ఇంకా బాగా తెలుసు.

అప్పుడు ఈ దేశానికి కొత్తగా కూలికొచ్చి, తువాస్ రేవులో ఓడల యార్డులో వెల్డర్ని. పాత సామాన్ల అంగట్లో దొరికిన అట్టలేని గ్రీకుల చరిత్రను, డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని, పనికి వెళ్ళే లారీలో చదివేవాణ్ణి. (ఆ కుదుపులకు ఒక్కో యుద్ధాన్నీ రెండుసార్లు చదవాల్సి వచ్చేది.) అందులో ఒక ఆచారం నన్ను కట్టిపడేసింది. దారిన పోయేవాడు ఇంటికొస్తే కాళ్ళు కడిగి, కడుపునిండా పెట్టి, ఆ తర్వాతే పేరడగాలి. ఆ వేషంలో వచ్చింది దేవుడే కావచ్చు కదా! తిన్నవాడు కూడా పెట్టినవాడికి కీడు చేయకూడదు. చేస్తే దేవతల రాజు జ్యూస్ ఊరుకోడు.

మా కూలీల డార్మిటరీ గదుల్లో వంట నిషేధం. తెల్లవారుజామున వచ్చే క్యాటరింగ్ పొట్లం మధ్యాహ్నానికి పులిసిపోయేది. అందుకే మంచం కింద ఒక రైస్ కుక్కర్ దాచుకున్నాం. వారానికొకసారి, ఆదివారం, వేడన్నం. గది మొత్తానికి అదే పండగ.

అలాంటి ఒక ఆదివారం, కుక్కర్ మూత తీసి గది మధ్యన పెట్టుకున్న వేళ, తలుపు దగ్గర నెరిసిన తలతో ఒక పెద్దాయన నిలబడ్డాడు. "తంబీ, నేను..." అన్నాడు. ఏనాడో ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబాల తమిళం కలిసిన తెలుగు. పుస్తకంలోని అతిథే గుమ్మంలోకి వచ్చినట్టు నా ఒళ్ళు పులకరించింది.

"పేరొద్దు! ముందు భోజనం!" అన్నాను, చెంబు అందించి.

"అది కాదు తంబీ, నేనెవరంటే..."

"అడగం, చెప్పొద్దు. అది మర్యాద కాదు."

మా గదిలో వయసుకు పెద్దవాడు, ఉద్దానం బావ, నా చెవిలో గుసగుసలాడాడు. "ఎవులురా ఈయన?"

"అడక్కూడదు బావా. దేవుడే కావచ్చు."

"నీ గ్రీకోల తగువు మా కూటి మీదకి తెచ్చీకురా నాయనా!"

నేను వినలేదు. పెద్దాయన కుక్కర్‌ను చూశాడు, నన్ను చూశాడు, నిట్టూర్చి కూర్చున్నాడు. చేపల పులుసుతో రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. చెయ్యి కడిగించాక, ఆ పుస్తకంలో అతిథికి అన్నం పెట్టిన రాజు లాగే నడుం వంచి అడిగాను. "ఇప్పుడు సెలవియ్యండి. తమరెవరు?"

ఆయన జేబులోంచి కార్డు తీశాడు. డార్మిటరీ తనిఖీ అధికారి.

 నాకు పట్టరాని కోపం వచ్చింది. పెట్టినవాడికి కీడు చేయరాదనే గ్రీకుల ధర్మాన్ని జ్యూస్‌తో సహా ఏకరువు పెట్టాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అది గ్రీసు తంబీ. ఇది తువాస్. కళ్ళతో చూసిన తర్వాత నేను వదిలితే నా ఉద్యోగం పోతుంది."

కుక్కర్ చంకన పెట్టుకుని బయల్దేరాడు. ఉద్దానం బావ గోడకు తిరిగి పడుకున్నాడు. "ఇంకేటుంది, మీ దేవుడు తినీసి, కుక్కరట్టుకు పోనాడు" అన్నాడు. అందులో నవ్వు లేదు.

నేను మెట్ల దాకా వెంటపడి, తిన్నింటికి ఇలా చేయడం న్యాయమేనా అని అడిగాను. ఆయన ఆగాడు.

"ప్రతి గది ముందూ నిలబడి, నేను ఫలానా, తనిఖీకి వచ్చాను అని గట్టిగా అరుస్తాను. కాసేపు ఆగి అప్పుడు లోపలికి వస్తాను. ఎందుకనుకున్నావు? దాచుకుంటారని. పిల్లలు వేడన్నం తినొద్దూ? నిన్ను ఎన్నిసార్లు బతిమాలాను తంబీ, నన్ను పేరు చెప్పుకోనిచ్చావా?"

కుక్కర్ వైరు మెట్ల మీద ఈడ్చుకుపోతుండగా దిగి వెళ్ళిపోయాడు. ఇలాంటి మర్యాద గురించి నా పుస్తకంలో ఒక్క ముక్క లేదు. తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు కోపమే వస్తుంది. అది ఆయన మీదో, గ్రీకుల మీదో, చెంబు పట్టుకుని అంత ఠీవిగా నిలబడ్డ ఆ కుర్రాడి మీదో తేల్చుకోలేక, చివరికి ఒక్కణ్ణే నవ్వుకుంటాను.