నైరుతి కిటికీ మూసిన ఇంట్లో మనీ ప్లాంట్

2022 ఎండాకాలం. మార్కాపురంలో కంభం రోడ్డు పక్కన నా నర్సరీ. బజారులో కిరాణా దుకాణమున్న ఇంటి పెద్దామె నా దగ్గర మనీ ప్లాంట్ కొన్నది. నెలన్నరకు చచ్చిందని ఇంకొకటి తీసుకుపోయింది. అదీ వాడిపోతోందంటే, మూడోది ఇవ్వడానికి నేనే ఇంటికి వెళ్ళాను.

హాల్లో పట్టపగలే లైటు వేశారు. వాస్తు చెప్పినాయన మాట మీద నైరుతి కిటికీకి పలకరాళ్ళు పేర్చి మూసేశారట. ఆ మూలనే కుండీ. తీగ సన్నగా సాగి, ఆకుకూ ఆకుకూ మధ్య జానెడు దూరం. వెలుతురు చాలక ఇట్లా సాగినదాన్ని మేం ‘లెగ్గీ’ అంటాం. చీకట్లో మొక్క నీళ్ళు సరిగ్గా తాగదు. వాడిందని ఇంకా పోస్తే వేరు కుళ్ళుతుంది.

"రోజూ పోస్తానే ఉండానన్నా," అంది కోడలు శైలజ, బెదురుగా.

అత్త నా వైపు తిరిగింది. "ఈమెదేం చెయ్యో నాయనా, పచ్చంది ఏది ముట్టుకున్నా నిలవదు. వచ్చే నెల మా పాప సీమంతం. ఈమెను మాత్రం గాజులు తొడగనియ్యను."

ఆ పూటే చెప్పాల్సింది. మంచి గిరాకీ, వాళ్ళ వాస్తు జోలి మనకెందుకని నోరు మూసుకున్నాను. సిగ్గులేని పని. కొత్త కుండీ అక్కడ పెట్టి, చచ్చేదాన్ని వెంట తెచ్చుకున్నాను.

కుళ్ళిన వేళ్ళు కత్తిరించి షేడ్ నెట్ కింద పెట్టాను. ఎండను సగం ఆపే ఆకుపచ్చ వల అది. మూడు వారాలకు రెండు చిగుర్లు వచ్చాయి. మనసు ఊరుకోక, సీమంతానికి ముందురోజు కుండీ పట్టుకుని వెళ్ళాను.

"అమ్మా, కోడలి తప్పేం లేదు. ఇది మీ ఇంట్లో చావబోయిన మొక్కే. వెలుతురు తగిలింది, బతికింది. ఆ కిటికీ తెరిపించండి."

పెద్దామె చిగుర్లు తాకి మురిసిపోయింది. "సూసినావా శైలజా? మొక్క అదే. చెయ్యి మారింది, బతికింది. నీది మంచి చెయ్యి నాయనా!"

"చెయ్యి కాదమ్మా, వెలుతురు," అని ఎంత మొత్తుకున్నా ఆమె చెవికెక్కలేదు.

గేటు దాకా వచ్చిన శైలజ ఒక్కటే అడిగింది. "ఎందుకు తెచ్చినావన్నా దాన్ని?"

సీమంతంలో ఆమెను వంటింట్లోంచి కదలనియ్యలేదని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఎవరొచ్చి మొక్క అడిగినా, కిటికీ ఎక్కడుందో చెప్పందే అమ్మను. మొదటి కుండీ చచ్చిన రోజే ఈ ప్రశ్న అడిగుంటే ఆ అత్త వినేదో లేదో తెలియదు. ఆ పిల్ల మీద సాక్ష్యం మాత్రం నా చేతులతో మోసుకుపోయేవాణ్ణి కాదు.