పుట్టగొడుగుల ఇంటిపేరు

మా వైపు బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ముందు మన ఇంటిపేరు అడుగుతారు. కూచిపూడిలో ఎక్కిన ఆవిడ మాత్రం నా సంచిలోకి తొంగిచూసి, "ఈ పుట్టగొడుగులు ఎక్కడివండీ?" అంది.

"మా చెల్లి వాళ్ళ గడ్డివాములో మొలిచాయండి. విషమేమోనని అది పారేస్తుంటే, ప్రాణం ఒప్పక తెచ్చుకున్నా."

తను కాలేజీలో బోటనీ చెప్తానంటూ ఒకటి తీసి తిరగేసింది. "గొడుగు కింద రేకులు గులాబీ రంగు. కాడకి ఉంగరం లేదు, అడుగున తిత్తి ఉంది. ఇంటిపేరు వోల్వారియెల్లా అయ్యుండాలి. వీటికీ మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. అయితే విషపు అమానిటాలకీ ఈ తిత్తి ఉంటుంది. వాటి రేకుల్లోంచి రాలే పొడి తెల్లగా ఉంటుంది, వీటిది గులాబీ."

బాగా విచ్చుకున్నదాన్ని తెల్ల జేబురుమాలు మీద బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది. అది కదిలిపోతుందని తన టికెట్ కూడా నా చేతే తీయించింది. కంకిపాడు దాటాక ఎత్తి చూస్తే, రుమాలు మీద లేత గులాబీ గీతలు.

"అయితే వండేసుకోవచ్చాండీ?"

"ఇంటిపేరు ఒక్కటీ చూసి సంబంధం ఖాయం చేసేస్తామా ఏంటండీ?"

నేను నీరుగారిపోయాను. ఆవిడ మాత్రం మిగతావన్నీ ఒక్కొక్కటే తిరగేసి, వాసన చూసి, మళ్ళీ సంచిలో పెట్టింది. పటమటలో దిగబోతూ ఆగి, "సగం నాకు పెడతారా?" అంది.

సంతోషంగా పెట్టాను. ఆ సాయంత్రం మా ఇంట్లో పుట్టగొడుగుల ఇగురు. ఆవిడ ఇంటిపేరు అడగనే లేదని రెండో ముద్ద దగ్గర గుర్తొచ్చింది.